మొదటి ప్రపంచ యుద్ధంలో అరబ్ తెగలు పదేపదే పక్షాలు ఎందుకు మార్చాయి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. 1916లో మక్కా షరీఫ్, అంటే ప్రవక్త వంశానికి చెందిన మక్కా పాలకుడు, హుసేన్ టర్కుల మీద తిరగబడ్డప్పుడు అరబ్బులంతా ఒక్కటై పోరాడారని ఒకచోట చదివారు. అవే తెగలు టర్కుల దగ్గర కూడా డబ్బు తీసుకున్నాయని, యుద్ధం మధ్యలో వదిలేసి వెళ్లిపోయాయని ఇంకోచోట చదివారు. ఏది నిజం, వాళ్లది కేవలం బంగారం ఆశేనా అని అడిగారు. హైదరాబాద్ బార్కస్‌లో ఉండే అరబ్బులకు ఈ కథతో ఏమైనా సంబంధం ఉందా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. అరబ్ తెగలన్నీ ఒక్కటై పోరాడిన రోజు ఒక్కటి కూడా లేదు. కొన్ని బ్రిటిష్ వైపు నిలిచాయి, కొన్ని ఒట్టోమన్ వైపు, అంటే టర్కుల సామ్రాజ్యం వైపు, నిలిచాయి, చాలా తెగలు ఇద్దరితోనూ మాట్లాడుతూనే ఉన్నాయి. బంగారం పాత్ర పెద్దదే. కానీ దానికంటే ముందు చూడాల్సింది ఇంకొకటి ఉంది. తెగ పెద్దకు మొదటి శత్రువు పక్క బావుల దగ్గర దిగిన తెగ. సుల్తాన్, బ్రిటిష్ రాజు ఆ తర్వాతే. రాయలసీమ పల్లెల్లో రెండు కుటుంబాల మధ్య కక్ష ఉంటే, ఒకరు ఏ పార్టీలో చేరితే రెండోవాళ్లు ఎదుటి పార్టీలో చేరడం మనకు తెలిసిందే. అక్కడ పార్టీ సిద్ధాంతం ఎవరికీ పట్టదు. ఎడారిలో ఆ పార్టీల చోటులో రెండు సామ్రాజ్యాలు ఉన్నాయి.

నేను కువైట్‌లో ఒక భారతీయ స్కూల్లో చాలాకాలం సోషల్ చెప్పాను. ఆ రోజుల నుంచే అప్పటి బ్రిటిష్ పొలిటికల్ ఏజెంట్ల ఉత్తరాలు, రిపోర్టులు చదవడం అలవాటైంది. గల్ఫ్‌లో పనిచేసిన మనవాళ్లకు కఫీల్ (పనికి పిలిపించుకున్న స్పాన్సర్) పేరు చివర అల్-అజ్మీ, అల్-ముతైరీ, అల్-షమ్మరీ, అల్-ఒతైబీ, అల్-హర్బీ అని ఉండటం బాగా తెలుసు. ఇవన్నీ తెగల పేర్లే. కింద చెప్పే కథలో ఈ పేర్లే ఎదురవుతాయి.

ఒక తెగ ఎటు ఉందో, ఎందుకు ఉందో తెలుసుకోవాలంటే నేను మూడు సంగతులు చూస్తాను. దాని పాత పగ ఎవరితో? అది ధాన్యం ఏ ఊరి సంతలో కొంటుంది? ఆ ఊరు ఆ నెలలో ఏ సైన్యం చేతిలో ఉంది? ఈ మూడూ తెలిస్తే పూటకో మాట మార్చారని తిట్టాల్సిన అవసరం చాలాసార్లు రాదు.

ముందుగా నాకు బాగా తెలిసిన తూర్పు వైపు కథ చెప్తాను. చాలామంది అరబ్బులతో కలిసి పోరాడిన బ్రిటిష్ అధికారి లారెన్స్, ఎర్ర సముద్రం రేవు అకబా, వీటి దగ్గరే ఆగిపోతారు. అసలు పోరు ఎలా నడిచిందో అర్థం కావాలంటే నజ్ద్ నుంచి మొదలుపెట్టాలి.

నజ్ద్ అంటే అరేబియా నడిబొడ్డు. అక్కడ రెండు వంశాలకు తాతల కాలం నాటి వైరం. రియాద్ సౌద్ వంశానిది, ఉత్తరాన హాయిల్ రషీద్ వంశానిది. రషీద్‌ల వెనుక షమ్మర్ తెగ ఉంది. 1902 జనవరిలో అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ కొద్దిమంది మనుషులతో వచ్చి రియాద్‌ను రషీద్‌ల చేతిలోంచి లాక్కున్నాడు. అప్పటి నుంచి ఇద్దరికీ క్షణం పడలేదు. ఒట్టోమన్లు రషీద్‌లకు సాయం చేసేవాళ్లు. కాబట్టి 1914లో యుద్ధం మొదలయ్యేసరికి ఇబ్న్ సౌద్ ఎటు చూస్తాడో ఊహించడం కష్టం కాదు. 1914 నవంబరులో ఇస్తాంబుల్ నుంచి జిహాద్ పిలుపు వచ్చినా, ఈ రెండు వంశాల లెక్కలో అది తేడా తేలేదు.

1915 జనవరిలో జర్రాబ్ దగ్గర ఇద్దరూ తలపడ్డారు. ఇబ్న్ సౌద్ పక్కన బ్రిటిష్ అధికారి కెప్టెన్ షేక్స్‌పియర్ ఉన్నాడు. ఇబ్న్ సౌద్ సైన్యంలో అజ్మాన్ తెగ వాళ్లూ ఉన్నారు. పోరు మంచి ఊపులో ఉండగా అజ్మాన్ వాళ్లు పక్కకు తప్పుకున్నారు. షేక్స్‌పియర్ అక్కడే చనిపోయాడు. గెలుపు ఎవరిదో తేలని పోరుగా అది ముగిసింది.

అజ్మాన్ వాళ్లు టర్కులకు అమ్ముడుపోయారా? నాకు అలా కనిపించదు. వాళ్లకు సౌద్ వంశంతో సొంత లెక్కలు ఉన్నాయి. అల్-హసాలో, అంటే తూర్పు ఒయాసిస్సుల ప్రాంతంలో, వాళ్ల మేత నేలలు, రాబడి ఉండేవి. 1913లో ఇబ్న్ సౌద్ హసాను టర్కుల నుంచి గెలుచుకున్నాక, అక్కడ ఇష్టారాజ్యంగా తిరిగే స్వేచ్ఛ వాళ్లకు తగ్గింది. అసలు కోపం అది. అదే ఏడాది, 1915లో, కన్జాన్ దగ్గర ఇబ్న్ సౌద్ నేరుగా అజ్మాన్ మీద దాడి చేశాడు. ఓడిపోయాడు, గాయపడ్డాడు, తమ్ముడు సఅద్ అక్కడే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత అజ్మాన్ పేరెత్తితే ఇబ్న్ సౌద్‌కు అది సొంత ఇంటి పగ అయిపోయింది.

ఇక్కడే కువైట్ కథలోకి వస్తుంది. తర్వాత ఇబ్న్ సౌద్ తరిమేస్తే అజ్మాన్ వాళ్లు కువైట్ సరిహద్దుల్లో తలదాచుకున్నారు. కువైట్ షేక్ ముబారక్ బ్రిటిష్ మిత్రుడు, 1915 చివర్లో చనిపోయాడు. కొంతకాలానికి గద్దెనెక్కిన సాలిం వాళ్లను వెళ్లగొట్టడానికి ఒప్పుకోలేదు. ఇబ్న్ సౌద్ కూడా బ్రిటిష్ మిత్రుడే. 1915 డిసెంబరులో దారీన్‌లో బ్రిటిష్ వాళ్లతో సంధి మీద సంతకం పెట్టాడు, 1917 నుంచి నెలకు 5,000 పౌండ్లు అందుకున్నాడు. అంటే ఇద్దరు బ్రిటిష్ మిత్రులు ఒక తెగ విషయంలో కత్తులు నూరుకుంటున్నారు, మధ్యలో సర్దిచెప్పలేక బ్రిటిష్ ఏజెంట్లకు ఒకటే టెన్షన్. ఆ కాలపు ఉత్తరాల్లో టర్కుల కంటే అజ్మాన్ గురించే ఎక్కువ రాసి ఉంటే ఆశ్చర్యపోకండి. మరోపక్క కువైట్ నుంచి ఒంటెల మీద సరుకు ఎడారిలోకి పోయి, అక్కడి నుంచి టర్కుల చేతికి చేరుతోందని బ్రిటిష్ వాళ్ల ఫిర్యాదు. చివరికి 1918లో తమ మిత్రుడి ఓడరేవునే వాళ్లు దిగ్బంధించారు.

అజ్మాన్‌ను ఏ పక్షం అని రాయాలి? మొదట ఇబ్న్ సౌద్ సైన్యంలో ఉన్నారు, తర్వాత అతని శత్రువులు, ఆ తర్వాత బ్రిటిష్ మిత్రుడి ఆశ్రితులు. బయటి నుంచి చూస్తే మూడు పక్షాలు. వాళ్ల వైపు నుంచి చూస్తే ఒకటే మాట: సౌద్‌కు లొంగేది లేదు.

ఇక పడమటి వైపు, హిజాజ్, అంటే మక్కా, మదీనాలు ఉన్న ప్రాంతం. అక్కడ కథ రైలుతో మొదలుపెట్టాలి. డమాస్కస్ నుంచి మదీనాకు సుమారు 1,300 కిలోమీటర్ల రైలు మార్గం 1908లో పూర్తయింది. అంతకుముందు హజ్ యాత్రికుల బిడారులు ఎడారి దాటాలంటే దారిలోని తెగలకు డబ్బు ముట్టజెప్పాలి, ఒంటెలను అద్దెకు తీసుకోవాలి. హర్బ్ లాంటి తెగలకు అది తరతరాల బతుకుతెరువు. రైలు వస్తే ఆ కూడు పోతుంది. మదీనా నుంచి మక్కాకు కూడా పట్టాలు వేస్తామని ప్రభుత్వం అన్నప్పుడు తెగలూ వద్దన్నాయి, షరీఫ్ హుసేన్ కూడా వద్దన్నాడు. రైలు వెంట సైన్యం వస్తుందని, సైన్యం వస్తే తన అధికారానికి నూకలు చెల్లినట్టేనని అతని భయం. తర్వాత రోజుల్లో పట్టాలు పేల్చడానికి మనుషులు ఉత్సాహంగా ముందుకొచ్చారంటే బ్రిటిష్ బంగారంతో పాటు ఈ పాత కోపం కూడా పనిచేసింది.

హుసేన్‌ను ఎప్పటి నుంచో స్వాతంత్ర్యం కోసం తపించిన మనిషిగా ఊహించుకుంటే కథ తప్పుతుంది. 1908లో అతన్ని మక్కా అమీర్‌గా నియమించింది ఒట్టోమన్ ప్రభుత్వమే. 1911లో హిజాజ్‌కు దక్షిణాన అసీర్ ప్రాంతంలో అక్కడి నాయకుడు ఇద్రీసీ తిరగబడితే, ఒట్టోమన్ల తరఫున వెళ్లి అణచింది ఇదే హుసేన్. 1915లో అదే ఇద్రీసీ బ్రిటిష్ వాళ్లతో ముందుగా సంధి చేసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి హుసేన్ కూడా అదే పక్షానికి వచ్చాడు. ఇద్దరూ టర్కులకు శత్రువులే అయినా ఒకరి మీద ఒకరికి నమ్మకం మాత్రం కలగలేదు. ఇద్రీసీకి ఆవలి పక్క యెమెన్ ఇమాం యహ్యా ఉన్నాడు. టర్కులతో ఏళ్ల తరబడి పోరాడి 1911లో రాజీ పడ్డ ఇమాం, యుద్ధమంతా ఒట్టోమన్ల వైపే ఉండిపోయాడు. ఇద్రీసీ బ్రిటిష్ వైపు పోయాక ఇమాం ఇటు ఉండటానికి అదీ ఒక పెద్ద కారణం.

షరీఫ్‌ల ఇంట్లోనే రెండు శాఖలు. హుసేన్ తిరగబడగానే ఇస్తాంబుల్ ఏం చేసిందో చూడండి. ఎదుటి శాఖకు చెందిన అలీ హైదర్‌ను మక్కా అమీర్‌గా ప్రకటించి మదీనాకు పంపింది. దాయాదుల పోరు ఎలా వాడుకోవాలో ఒట్టోమన్లకూ బాగా తెలుసు. బ్రిటిష్ వాళ్లు మాత్రమే తెగలను ఆడించారని రాసేవాళ్లు ఈ సంగతి వదిలేస్తారు.

తిరుగుబాటు మొదలైన ఏడాది ఎంత బలహీనంగా ఉందో చెప్పడానికి ఒక్క సంఘటన చాలు. 1916 డిసెంబరులో మదీనా నుంచి టర్కు సైన్యం యన్బు ఓడరేవు వైపు కదిలింది. హుసేన్ కొడుకు ఫైసల్ జుహైనా తెగ వాళ్లతో అడ్డుకోబోయాడు. పోరు మధ్యలో ఒక పక్కన ఉన్న జుహైనా వాళ్లు ఉన్నట్టుండి వెనక్కి వెళ్లిపోయారు. ద్రోహం జరిగిందనుకుని ఫైసల్ కూడా యన్బుకు వెనుదిరిగాడు. తర్వాత విచారిస్తే వాళ్ల నాయకుడు చెప్పిన జవాబును లారెన్స్ రాసిపెట్టాడు: అలసిపోయాం, దాహం వేసింది, కాఫీ కాచుకుందామని వెళ్లాం. వాళ్లు ఆ రాత్రంతా టర్కుల మీద తుపాకులు పేలుస్తూనే ఉన్నారు కూడా. యన్బు దక్కిందంటే అది ఎర్ర సముద్రంలో నిలబడ్డ బ్రిటిష్ ఓడల సెర్చిలైట్ల పుణ్యం. చీకట్లో దాడికి వచ్చిన టర్కులు ఆ వెలుగు చూసి వెనక్కి తగ్గారు.

ఈ సంఘటన చదివి నవ్వుకోవద్దని నా మనవి. ఆ మనుషులు జీతం తీసుకునే సిపాయిలు కారు. తమ నేల మీద, తమ పెద్ద మాట మీద పోరాడతారు, తమ నేల దాటాక పోరాటం వాళ్లది కాదు. అందుకే నెల తిరక్కుండానే, 1917 జనవరిలో, ఫైసల్ జుహైనా వాళ్లను వాళ్ల నేల దాటించి, బిల్లీ తెగ నేల మీదుగా వజ్హ్ రేవు దాకా నడిపించడాన్ని నేను తిరుగుబాటులో అసలు మలుపుగా చూస్తాను. పేరున్న యుద్ధమేదీ జరగలేదు, ఊరు కూడా ఎక్కువగా ఓడల మీద వచ్చినవాళ్లే పట్టుకున్నారు. కానీ ఒకరినొకరు దోచుకునే తెగలు ఒకే జెండా కింద వారాల తరబడి కలిసి నడవడం అక్కడ కొత్త. బిల్లీ పెద్ద సులేమాన్ రిఫాదా మాత్రం టర్కుల వైపే ఉన్నాడు, అతని తెగలో చాలామంది ఫైసల్ దగ్గరికి వచ్చారు. ఒకే తెగ రెండుగా చీలడం ఈ యుద్ధంలో మామూలు సంగతి. "ఫలానా తెగ బ్రిటిష్ పక్షం" అని ఎవరైనా రాస్తే, ఏ శాఖ, ఏ నెలలో అని అడగండి.

ఇన్ని తెగలు ఒక్కచోట చేరితే రక్తపు పగలు ఏం చేయాలి? ఫైసల్ పనిలో సగం ఇదే. రోజూ గుడారంలో కూర్చుని పాత హత్యలకు పరిహారం లెక్కగట్టడం, యుద్ధం ముగిసేదాకా పగలు పక్కనపెడతామని ప్రమాణం చేయించడం. అదే ఏడాది మార్చిలో లారెన్స్ దండులో ఒక మొరాకో మనిషి అగైల్ (నజ్ద్ నుంచి వచ్చిన కూలి ఒంటె సిపాయిలు) వాడొకణ్ణి కాల్చి చంపాడు. అగైల్ వాళ్లు హంతకుడి ప్రాణం అడిగారు. వాళ్లే చంపితే సైన్యంలో ఉన్న మొరాకో వాళ్లందరితో పగ మొదలవుతుంది. ఏ తెగా లేని తానే ఆ పని చేస్తే పగ పట్టాల్సిన మనిషి ఉండడని లారెన్స్ తన చేత్తోనే అతన్ని కాల్చాడు. అప్పటికి అతను జ్వరంతో నిలబడలేని స్థితిలో ఉన్నాడు. తెగల సైన్యాన్ని నడపడం ఎలాంటి పనో నాకు ఈ ఒక్క సంఘటనలో కనిపించినంతగా ఇంకెక్కడా కనిపించలేదు.

ఇప్పుడు అకబా సంగతి చెప్తాను. హువైతాత్ తెగలో రెండు వర్గాలు ఉండేవి, ఒకటి ఔదా అబూ తాయీది, రెండోది ఇబ్న్ జాజీది. వాళ్లలో వాళ్లకే రక్తపు పగ, ఆ పగలోనే ఔదా పెద్దకొడుకు పోయాడు. ఇబ్న్ జాజీ వర్గం మొదట్లో టర్కులతో మంచిగా ఉండేది. ఔదా ఫైసల్‌తో చేతులు కలిపాడు. 1917 జూలై 2న అబూ అల్-లిస్సాన్ దగ్గర ఒక టర్కు బెటాలియన్‌ను ఔదా మనుషులు తుడిచిపెట్టారు, జూలై 6న అకబా పడిపోయింది. సముద్రం వైపు చూస్తున్న రేవును ఎడారి వైపు నుంచి వచ్చి పట్టుకున్నారు. ఈ దండుకు నాయకుడు మదీనాకు చెందిన షరీఫ్ నాసిర్, ఆ సంగతి చాలామంది మరిచిపోతారు.

అయితే ఆగస్టుకల్లా ఔదా టర్కులకు రహస్యంగా ఉత్తరాలు రాస్తున్నాడని తెలిసింది. లారెన్స్ హడావుడిగా వెళ్లి నిలదీస్తే, టర్కులను బురిడీ కొట్టించి డబ్బు లాగానని ఔదా చెప్పుకున్నాడు. దాని వెనుక అసలు బాధ వేరు. అకబా గెలిచిపెట్టినా తన వాళ్లకు రావాల్సింది రాలేదు, ఫైసల్ సైన్యం ఇంకా దక్షిణానే ఉంది, టర్కులు తిరిగి వస్తే ముందు నష్టపోయేది అతని గుడారాలే. లారెన్స్ అతనికి రాబోయే బహుమానాల లెక్క చెప్పి కొంత ముందుగా ఇచ్చాడు, కైరోలోని బ్రిటిష్ పై అధికారులకు మాత్రం అంతా సవ్యంగానే ఉందని రాశాడు. తర్వాత ఇబ్న్ జాజీ మనుషులు కూడా ఫైసల్ వైపు వచ్చారు. అప్పుడు పాత పగవాళ్లిద్దరూ ఒకే పందిరి కింద కూర్చోవాల్సి వచ్చింది, ఇద్దరి మధ్య ఫైసల్.

ఔదాను ద్రోహి అనలేం, నిస్వార్థ వీరుడనీ అనలేం. రెండు సామ్రాజ్యాల మధ్య నలుగుతున్న కొన్ని వందల గుడారాలకు పెద్ద. ఇద్దరితో మాట కలిపి ఉంచుకోవడం అతని బాధ్యత. అదే కాలంలో బ్రిటిష్ వాళ్లు అరబ్బులకు ఒక మాట, 1916లో ఆ నేలను పంచుకోవడానికి ఫ్రాన్స్‌తో చేసుకున్న సైక్స్-పికో ఒప్పందంలో ఇంకో మాట, 1917 నవంబరులో పాలస్తీనాలో యూదులకు నివాసం గురించిన బాల్ఫోర్ ప్రకటనలో మరో మాట ఇచ్చారు. రువాలా తెగ పెద్ద నూరీ షాలాన్ బ్రిటిష్ వాళ్ల హామీల కాగితాల కట్ట ముందు పెట్టి, వీటిలో దేన్ని నమ్మమంటావని లారెన్స్‌ను అడిగాడట. పక్షాలు మార్చారన్న నిందను ఎడారి మనుషుల మీదే వేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

నూరీ షాలాన్ గురించి ఇంకొక్క మాట. రువాలా అప్పట్లో సిరియా ఎడారిలో చాలా పెద్ద తెగ, ఎన్నో వేల ఒంటెలు వాళ్లవి. ఒంటెలు అమ్మేదీ, ధాన్యం కొనేదీ డమాస్కస్, హౌరాన్ సంతల్లో. ఆ ఊళ్లు 1918 సెప్టెంబరు దాకా టర్కుల చేతిలోనే ఉన్నాయి. బహిరంగంగా తిరగబడితే ఆ ఏడాది పిల్లలకు తిండి ఎక్కడిది? సిరియా అంతా కరువుతో అల్లాడుతున్న రోజులవి. అందుకే అతను లోపల ఫైసల్‌కు దారి వదులుతూ, పైకి టర్కులతో మర్యాదగా ఉంటూ, సైన్యం దగ్గరికి వచ్చాకే అజ్రఖ్ దగ్గర కలిశాడు. జోర్డాన్ నదికి తూర్పున ఉండే బనీ సఖర్ తెగ కూడా అంతే. 1918 ఏప్రిల్ చివర బ్రిటిష్ దళాలు జోర్డాన్ నది దాటి సాల్ట్ ఊరి మీదికి పోయినప్పుడు సాయం చేస్తామన్నారు, చేయలేదు. బ్రిటిష్ వాళ్లు నిలబడతారన్న నమ్మకం వాళ్లకు లేదు. నాలుగైదు రోజుల్లో బ్రిటిష్ దళాలు వెనక్కి వచ్చేశాయి. వాళ్లతో కలిసి ఉంటే ఆ తర్వాత టర్కుల కసి తీరేది బనీ సఖర్ మీదే.

ఇరాక్ వైపు ధాన్యం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి నజఫ్ ఊరి జనం 1915లోనే టర్కు అధికారులను తరిమేశారు. కానీ యుద్ధం చివరికొచ్చేసరికి అనజా తెగను తమ వైపు ఉంచుకోవడానికి బ్రిటిష్ వాళ్లు ఆ ప్రాంతంలో ధాన్యం కొనుక్కోనిచ్చారు. ఒంటెల బారులు వచ్చి బస్తాలు ఎత్తుకుపోయాయి, ఊళ్లో ధరలు మండిపోయాయి, అల్లర్లు జరిగాయి. 1918 మార్చిలో కెప్టెన్ మార్షల్ అనే బ్రిటిష్ అధికారిని ఊళ్లోనే చంపారు, బ్రిటిష్ సైన్యం ఊరిని చుట్టుముట్టి నీళ్లు ఆపింది. ఒక తెగ స్నేహం కోసం వాళ్లు ఒక ఊరినే దూరం చేసుకున్నారు.

నేను చెప్పిన మూడు ప్రశ్నలకు లొంగని మనుషులూ ఉన్నారు. దక్షిణ ఇరాక్‌లోని మున్తఫిక్ తెగల నాయకుడు అజైమీ సదూన్ తండ్రి ఒట్టోమన్ల నిర్బంధంలో చనిపోయాడు. లెక్క ప్రకారం అజైమీ బ్రిటిష్ వైపు పోవాలి. బ్రిటిష్ వాళ్లు పిలిచారు కూడా. అతను పోలేదు. బస్రా పోయినా, బాగ్దాద్ పోయినా టర్కులతోనే ఉన్నాడు, చివరికి టర్కీలోనే స్థిరపడ్డాడు. మతం మీద గౌరవం, ఇచ్చిన మాట కూడా మనుషులను నడిపించాయి. ఇంకో సంగతి: ఫైసల్ వెనుక నడిచిన అరబ్బుల కంటే, ఒట్టోమన్ సైన్యంలో సిపాయిలుగా చివరిదాకా పోరాడిన అరబ్బులే ఎక్కువ. ఫైసల్ సైన్యంలోనూ అంతా తెగల వాళ్లే అనుకోవద్దు. జాఫర్ అల్-అస్కరీ లాంటి మాజీ ఒట్టోమన్ అధికారుల కింద శిక్షణ పొందిన దళం ఒకటి ఉండేది. 1918లో ఎదురెదురు పోరుల్లో బరువు మోసింది ఎక్కువగా వాళ్లే.

ఇక బంగారం. హుసేన్‌కు బ్రిటిష్ వాళ్లు మొదట నెలకు 1,25,000 పౌండ్లు, తర్వాత 2,00,000 పౌండ్ల దాకా పంపారు. ఆ నాణేలు ఓడల్లో వచ్చి, ఒంటెల మీద గుడారాలకు చేరేవి. ఇబ్న్ సౌద్‌కు ఇచ్చే 5,000తో పోల్చి చూడండి, రియాద్‌లో ఎంత మంట పుట్టి ఉంటుందో తెలుస్తుంది. కానీ డబ్బు మనుషులను కొంతకాలం దగ్గర ఉంచగలిగింది, పగను తీర్చలేకపోయింది. డబ్బు అంత బలమైనదైతే మదీనా ఎప్పుడో పడిపోవాలి. అక్కడి టర్కు సేనాని ఫఖ్రీ పాషా ఆ ఊరిని 1919 జనవరి దాకా, యుద్ధం ముగిసిన రెండు నెలల తర్వాత దాకా, వదల్లేదు.

1918 అక్టోబరు 1న డమాస్కస్ చేతికొచ్చింది. ఆ రోజే టౌన్‌హాల్లో ఔదా, డ్రూజ్ నాయకుడు సుల్తాన్ అల్-అత్రష్ ఒకరి మీద ఒకరు పడ్డారు. విడదీయడానికి చాలామంది పట్టారు. శత్రువు ఊరు దాటగానే పక్కవాడితో లెక్క మళ్లీ మొదలైంది.

పెద్ద స్థాయిలోనూ అదే జరిగింది. హుసేన్‌ను నడిపించింది కైరోలోని బ్రిటిష్ ఆఫీసు, ఇబ్న్ సౌద్‌ను చూసుకుంది భారత ప్రభుత్వం మనుషులు. ఒకే సామ్రాజ్యం రెండు చేతులతో ఇద్దరు పగవాళ్లను పోషించింది. 1916 అక్టోబరులో హుసేన్ తనను తాను అరబ్ దేశాల రాజుగా ప్రకటించుకున్నప్పటి నుంచే ఇబ్న్ సౌద్‌కు కంటిమీద కునుకు లేదు. ఇద్దరి మధ్యలో ఒతైబా తెగ, ఖుర్మా అనే ఒయాసిస్సు ఉన్నాయి. ఖుర్మా అమీర్ ఖాలిద్ ఇబ్న్ లువై స్వయానా షరీఫ్‌ల కుటుంబం వాడే. హుసేన్ కొడుకు అబ్దుల్లాతో చెడి, ఇబ్న్ సౌద్ మతమార్గంలోకి పోయాడు. 1919 మేలో తురబా దగ్గర అబ్దుల్లా సైన్యం మీద ఇబ్న్ సౌద్ మతయోధులైన ఇఖ్వాన్ రాత్రివేళ పడ్డారు. అబ్దుల్లా కొద్దిమందితో బయటపడ్డాడు, సైన్యం మాత్రం దాదాపు మిగల్లేదు. రెండు వైపులా ఉన్నది బ్రిటిష్ డబ్బే. 1921లో హాయిల్, 1924లో మక్కా, 1925లో జిద్దా ఇబ్న్ సౌద్ చేతికొచ్చాయి. టర్కుల మీద యుద్ధంగా మనం చదివే ఈ కథలో చివరికి తేలింది రియాద్, హాయిల్, మక్కాల పాత పంచాయితీ.

చివరగా బార్కస్. అక్కడివాళ్ల పూర్వీకులు ఎక్కువగా హద్రమౌత్ నుంచి, అంటే ఇప్పటి యెమెన్ తూర్పు భాగం నుంచి, నిజాం సైన్యంలో పనికి వచ్చినవాళ్లు. హిజాజ్ తిరుగుబాటుతో వాళ్లకు నేరుగా సంబంధం లేదు. కానీ ఇలాంటి పోరే ఇంకొకటి వాళ్లది ఉంది, అది హైదరాబాద్ మీదుగా నడిచింది. ఖుఐతీ కుటుంబం నిజాం దగ్గర జమేదార్లుగా, అంటే దళ నాయకులుగా, సంపాదించిన డబ్బుతో హద్రమౌత్‌లో షిబాం, షిహర్, ముకల్లా గెలుచుకుంది. వాళ్ల ప్రత్యర్థులు కథీరీలు. వాళ్ల నాయకుడూ హైదరాబాద్‌లో కొలువు చేసినవాడే. రేవులన్నీ ఖుఐతీల చేతికి పోయాక కథీరీలకు సైయూన్ చుట్టుపక్కల లోపలి నేల మాత్రం మిగిలింది. ఖుఐతీలు 1888లోనే బ్రిటిష్ రక్షణ కిందికి వెళ్లారు. యుద్ధంలో టర్కులు ఆడెన్ పక్కనే ఉన్న లహజ్‌ను పట్టుకుని కూర్చున్నప్పుడు కథీరీలు అటువైపు చూశారు, కారణం మీరిప్పటికే ఊహించి ఉంటారు. 1918లో ఆడెన్‌లో కుదిరిన ఒప్పందంతో తమ ప్రాంతం కూడా అదే రక్షణ కిందికి వస్తుందని ఒప్పుకున్నారు. బార్కస్‌లో మీకు తెలిసిన పెద్దవాళ్లు ఉంటే, వాళ్ల తాతలు ఖుఐతీ జమేదార్ కింద ఉన్నారా, కథీరీల వైపు ఉన్నారా అని అడిగి చూడండి. ఏమైనా తెలిస్తే ఇక్కడే రాయండి, నాకూ తెలుసుకోవాలని ఉంది.